మీకు తెలిసిన పనిని కథలోకి తెచ్చుకోండి

(కొత్తగా కథలు రాస్తున్నవారి కోసం జరిగిన ఒక కార్యశాలలో ఉదయం చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, మొహమాటపడకండి. నోట్సు రాసుకునేవాళ్లు రాసుకోండి, కానీ అన్నీ రాసుకోనక్కర్లేదు. నేను చెప్పబోయేది నిజానికి ఒక్కటే సంగతి. దాన్నే అటు తిప్పి ఇటు తిప్పి చెబుతాను.

కథ రాయాలంటే శిల్పం తెలియాలంటారు. దృష్టికోణం అంటారు, కంఠస్వరం అంటారు. అవన్నీ కావాల్సినవే. రేపటి తరగతుల్లో వాటి గురించి చెప్పేవాళ్లు వస్తున్నారు. నేను అడిగేది అంతకంటే ముందు ప్రశ్న. మీ కథలో ఉన్న మనిషి పొద్దున లేచి ఏం పని చేస్తాడు? ఆ పని ఎలా చేస్తారో మీకు తెలుసా?

ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. పోటీలకు వచ్చే కథలు చదివే బాధ్యత నాకు చాలాసార్లు పడింది. సంక్రాంతి పోటీ, ఉగాది పోటీ, దీపావళి పోటీ. కట్టలు కట్టలుగా వస్తాయి. వాటిలో మళ్లీ మళ్లీ కనిపించే కథ ఒకటుంది. మీలో కొందరు రాసే ఉంటారు. పల్లెటూళ్లో ఒక తండ్రి. రైతు. కొడుకు అమెరికాలో. తల్లి పోయింది. కొడుకు పండక్కి వస్తాడు, పొలం అమ్మేద్దామంటాడు. తండ్రి గుండె పగులుతుంది. చివరి పేరాలో వృద్ధాశ్రమం. రాసినవాళ్ల బాధ అబద్ధం కాదు. ఎక్కడో చూశారు, కదిలిపోయారు, రాశారు. దాన్ని నేను గౌరవిస్తాను. కానీ చదువుతుంటే ఏమవుతుంది? మూడో పేజీకి ఆ తండ్రి మొహం నాకు కనిపించడం మానేస్తుంది. ఎందుకు? ఆయన రైతు అని రాశారు తప్ప ఆయన ఏం పండిస్తాడో రాయలేదు. ఏం పండిస్తాడు? ఏ నేలలో? నీళ్లెక్కడివి? ఎవరికి అమ్ముతాడు? ఎవరికి బాకీ? ఏమీ లేదు. కథ మొత్తం ఆయన అరుగు మీద కూర్చుని దారికేసి చూస్తూ ఉంటాడు. రైతు అనేవాడు అంతసేపు ఖాళీగా కూర్చుంటాడా, చెప్పండి?

సరే, ఆ కథనే ఇక్కడ మనం కలిసి మళ్లీ మొదలుపెడదాం. గుంటూరు వైపువాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, మంచిది. నేను తప్పు చెబితే ఆపండి. ఆ తండ్రిని మిర్చి రైతు అనుకుందాం. కౌలుకు కూడా కొంత తీసుకున్నాడు. కాయ కోయించాడు, కల్లంలో ఆరబోశాడు. మబ్బు పట్టింది. పట్టాలు కప్పాలి. కూలీలు వెళ్లిపోయారు. ఆయనా, పక్క కల్లం మనిషీ పరుగెత్తి కప్పుతున్నారు. సరిగ్గా అప్పుడు కొడుకు ఫోన్ చేశాడు. జేబులో మోగుతోంది. ఎత్తలేదు. ఎత్తడానికి చెయ్యి ఖాళీ లేదు.

చూశారా, ఏమైందో? ఇందాకటి కథలో కొడుకు ఫోన్ చెయ్యడు. ఈ కథలో కొడుకు చేశాడు, తండ్రే ఎత్తలేదు. కథ అప్పుడే మారిపోయింది. మనం ఏమీ కల్పించలేదు. ఆయన పనేమిటో ఆలోచించాం, అంతే.

ఇంకా ముందుకు పోదాం. కాయ ఆరింది. తాలు వేరు చెయ్యాలి. రంగు పోయి తెల్లబడ్డ కాయను తాలు అంటారు, దాని ధర వేరు. తాలు ఏరడానికి ఆడవాళ్లు వస్తారు, వాళ్ల కూలి ఇవ్వాలి. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కట్టించాడు. అమ్మడానికి మార్కెట్ యార్డుకు తీసుకెళ్లాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా? ఇవాళ ధర బాగాలేదు. ఆగితే పెరుగుతుందేమో. పెరగకపోతే అద్దె మీద పడుతుంది, వడ్డీ మీద పడుతుంది. ఆయన పెట్టాడు. కొడుకేమంటాడు? "నాన్నా, అమ్మెయ్. నీకెందుకా టెన్షన్, నేను డబ్బు పంపిస్తాగా" అంటాడు. కొడుకు చెడ్డవాడు కాదు. ప్రేమతోనే అన్నాడు. కానీ తండ్రికి ఆ మాట ఎలా తగిలింది? నీ పంట లెక్కలోకి రాదు అన్నట్టు తగిలింది. ఇప్పుడు ఈ ఇద్దరి మధ్య తగాదా దేని మీద? ఒంటరితనం మీద కాదు, ప్రేమ మీద కాదు. కోల్డ్ స్టోరేజీలో ఉన్న టిక్కీల మీద. ఆ టిక్కీల గురించి వాళ్లు మాట్లాడుకుంటుంటే మనకు ఒంటరితనమూ వినపడుతుంది, ప్రేమా వినపడుతుంది. వాళ్ల నోటితో ఆ రెండు మాటలూ అనిపించాల్సిన అవసరమే లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. బాధ గురించి రాయాలని కూర్చుంటే బాధ కాగితం మీదకు రాదు. పని గురించి, లెక్క గురించి, బాకీ గురించి, వస్తువు గురించి రాయండి. బాధ దాని వెంట వస్తుంది.

మన పెద్ద కథకుల్ని చూడండి. ఇదేమీ నా సిద్ధాంతం కాదు. రావిశాస్త్రి గారు విశాఖపట్నంలో లాయరు. మద్యనిషేధం ఉన్న రోజులు. సారా కాసేవాళ్లు, అమ్మేవాళ్లు, పట్టుకునే పోలీసులు, సాక్షులు, బెంచి మీద మేజిస్ట్రేటు, వీళ్లందర్నీ ఆయన రోజూ కోర్టులో చూశారు. ఆరు సారా కథల్లో ఎవరు ఎవరికి ఎంత ముట్టజెబుతారో, సాక్ష్యం ఎలా తయారవుతుందో, ఆ వ్యవహారమంతా మనకు తెలిసిపోతుంది. అన్యాయం జరుగుతోందని ఆయన వేరే ఉపన్యాసం ఇవ్వక్కర్లేకపోయింది. ఆ వ్యవహారం నడిచే తీరే అన్యాయం.

కాళీపట్నం రామారావు మాస్టారు, మనందరి కారా మాస్టారు, బడిపంతులు. ఆయన యజ్ఞం కథ చదవనివాళ్లు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి, ఏం పర్లేదు. చదవండి. ఈ వారమే చదవండి. ఆ కథ దేని చుట్టూ తిరుగుతుంది? ఒక బాకీ చుట్టూ. అప్పల్రాముడు బాకీ పడ్డాడు, పంచాయితీ కూర్చుంది, తీర్పు చెప్పాలి. వినడానికి ఎంత మామూలు తగాదా! కానీ ఆ బాకీ ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, ఊళ్లోకి రోడ్డు వచ్చాక, వ్యాపారం వచ్చాక ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఏం పోయింది, అదంతా విప్పుకుంటూ పోతే ఆ ఒక్క బాకీలోంచి ఊరి చరిత్ర మొత్తం బయటికొచ్చింది. ఆ చివరి ఘటన దగ్గరికి వచ్చేసరికి చదివేవాడికి ఊపిరి ఆడదు. అంత పెద్ద దెబ్బను ఆ కథ ఎలా మోసింది? ముందు అన్ని పేజీలు లెక్క చెప్పింది కాబట్టి మోసింది. లెక్క లేకుండా ఆ ముగింపు ఒక్కటే రాసి ఉంటే మనం నమ్మేవాళ్లం కాదు.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి వడ్లగింజలు తీసుకోండి. చదరంగం కథ. గళ్ల మీద గింజలు రెట్టింపు చేసుకుంటూ పోయే ఆ లెక్క చిన్నప్పుడు అందరం విన్నదే. ఆ లెక్కను ఆయన ఒక పేదవాడి అభిమానానికి ముడిపెట్టారు. ఆట మీద ఆయనకున్న శ్రద్ధ కథలో ఎక్కడ ముట్టుకున్నా తగులుతుంది. చదరంగం రానివాళ్లు కూడా ఉగ్గబట్టుకుని చదువుతారు.

ఇప్పుడు మీరంటారు, వాళ్లు మహానుభావులు, మా దగ్గర ఏముంది అని. అలా అనుకునేవాళ్లే ఎక్కువ. నాకు ఎదురయ్యే కొత్త రచయితల్లో చాలామంది, మా జీవితంలో కథకు పనికొచ్చేది ఏమీ లేదండీ అంటారు. అది నేను ఒప్పుకోను. గట్టిగా ఒప్పుకోను. మీలో ఎవరెవరు ఏం చేస్తారో ఒక్కసారి చెప్పండి. ఆ చివర ఉన్నమ్మాయి? ఏఎన్‌ఎం, ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్త. సరే. మీరు బాబూ? కొరియర్. ఆ వెనక? మా నాన్న ఆర్టీసీ కండక్టరు అంటున్నాడు. మంచిది, చాలా మంచిది, కాస్త దాని దగ్గర ఆగుదాం.

కండక్టరు కొడుకువి. అంటే నీకు తెలిసినవి ఇక్కడ ఇంకెవరికీ తెలియవు. చిల్లర లేనప్పుడు మిగతా డబ్బులు టికెట్ వెనక రాసిస్తారు. దిగేటప్పుడు అడగడం మర్చిపోయినవాళ్లు ఎంతమంది? ఆ డబ్బులు ఏమవుతాయి? పరుగెత్తుకొచ్చి అడిగినవాళ్లు ఎవరు? చెకింగ్ వాళ్లు ఎక్కితే మీ నాన్న మొహం ఎలా మారుతుంది? తెలంగాణలో 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. అప్పట్నుంచి జీరో టికెట్ కొట్టాలి. బస్సు కిటకిటలాడుతుంది. ఆధార్ కార్డు చూపించమంటే కోపం తెచ్చుకునేవాళ్లు ఉంటారు. సీటు కోసం తగాదాలు. మీ నాన్న రాత్రి ఇంటికొచ్చి గొంతు పోయి మాట్లాడలేకపోయిన రోజు ఉందా? ఉందా? చూశారా, తల ఊపుతున్నాడు. బాబూ, ఆ రోజు కథ నువ్వు రాయకపోతే ఎవరు రాస్తారు? జీతాలూ పథకాలూ గురించి పేపర్లో వస్తుంది. గొంతు పోయిన మనిషి ఇంట్లో ఏం సైగ చేసి మంచినీళ్లు అడిగాడో అది పేపర్లో రాదు.

ఏఎన్‌ఎం అన్న అమ్మాయికి కూడా ఇదే చెబుతున్నా. ఏ ఇంట్లో తలుపు తీస్తారో, ఏ ఇంట్లో తియ్యరో, కోడలి గురించి అడిగితే అత్త ఎందుకు సమాధానం చెబుతుందో నీకు తెలుసు. మాకు తెలియదు.

ఇంటిపనిని మర్చిపోకండి. ఇంట్లో ఉండే ఆడవాళ్లు, నేనేం చెయ్యనండీ, హౌస్‌వైఫ్‌ని అంటారు. పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదకొండింటి దాకా నిలబడి చేసేది ఏమిటి మరి? అబ్బూరి ఛాయాదేవి గారి బోన్‌సాయ్ బ్రతుకు మీలో కొందరు పాఠంగా కూడా చదివి ఉంటారు. అక్కచెల్లెళ్లు ఇద్దరు, ఒక కుండీలో పెంచిన చిన్న చెట్టు.  ఆ చెట్టును చూసిన కళ్లకు ఆడపిల్లల పెంపకం మొత్తం అందులో కనిపించింది.

అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి కథలు పంపేవాళ్లకూ ఒక మాట. అక్కడ కూర్చుని ఇక్కడి మామిడితోట గురించి, బామ్మ గురించి రాసే కథలు ఇప్పటికే చాలా ఉన్నాయి. మీరు అక్కడ పొద్దున లేచి ఏం చేస్తారు? వీసా రెన్యువల్ కాగితాల కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుంది? గల్ఫ్ క్యాంపులో ఎనిమిది మంది ఒకే గదిలో ఉంటే వంట వంతులు ఎలా వేసుకుంటారు? అది రాయండి. దాని కోసం నేను ఎదురుచూస్తున్నాను.

మరి మనకు తెలియని బతుకుల గురించి రాయకూడదా? ఈ ప్రశ్న ప్రతిచోటా వస్తుంది, అడగకముందే చెబుతాను. రాయొచ్చు. కానీ వెళ్లి తెలుసుకుని రాయాలి. వాళ్ల దగ్గర కూర్చోవాలి, అడగాలి, వినాలి. వాళ్ల బాధ తీసుకుని మన కథకు బహుమతి తెచ్చుకుంటున్నామా అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. మన కులం కాని వాళ్ల గురించి, మన మతం కాని వాళ్ల గురించి రాస్తే ముందు వాళ్లలో ఒకరికి చదివి వినిపించండి. వాళ్లు నొచ్చుకుంటే ఎక్కడ నొచ్చుకున్నారో అడిగి తెలుసుకోండి. ఇది నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. కథ ఒక మనిషి గురించి లోకానికి ఒక మాట చెబుతుంది. ఆ మాట తప్పయితే ఆ మనిషికి జవాబు చెప్పుకునే వీలుండదు.

మాట, ఎత్తుగడ, ముగింపు

సరే, పని తెలిసింది. ఇప్పుడు మాట. మనుషులు ఎలా మాట్లాడతారు?

ఈమధ్య కథల్లో సంభాషణలు చదువుతుంటే డబ్బింగ్ సీరియల్ వింటున్నట్టుంటుంది. "నేను నీకోసం ఎప్పుడూ ఇక్కడే ఉంటాను." "నువ్వు నాకు ఎంతో ముఖ్యం." మన ఇళ్లలో ఎవరైనా ఇలా అంటారా? మీ నాన్న మీతో తగాదాపడి, తర్వాత రాజీపడాలనుకున్నప్పుడు ఏమంటారు? క్షమించు అంటారా? అనరు. "బండిలో పెట్రోలు పోయించాను, చూస్కో" అంటారు. అందులో క్షమాపణ ఉంది. మీరు విన్నారు, మీకు అర్థమైంది. అదే కాగితం మీద పెట్టండి. చదివేవాళ్లకు అర్థమవుతుంది, వాళ్లకూ నాన్నలున్నారు.

యాస గురించి చాలామందికి భయం ఉంది. మా మాట రాస్తే పత్రికల్లో వేస్తారా అని. ఆ భయం వదిలెయ్యండి. ఆచార్య యశోదారెడ్డి గారు పాలమూరు మాటలో మా ఊరి ముచ్చట్లు రాశారు. నామిని గారు చిత్తూరు జిల్లా మాటలో రాశారు. కళింగాంధ్ర మాట రావిశాస్త్రి గారి చేతిలో ఎలా వెలిగిందో చెప్పనక్కర్లేదు. ఆ దారి ఎప్పుడో వేశారు, మీరు నడవడమే. కాకపోతే ఒక జాగ్రత్త. కొందరి కథల్లో పనిమనిషి యాసలో మాట్లాడుతుంది, ఇంటావిడ పుస్తకాల తెలుగులో మాట్లాడుతుంది. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు! ఇంటావిడకు యాస లేదా? ఉంది. రాసినవాళ్లకు వినపడలేదు. యాస పేదవాళ్లకు తగిలించే గుర్తు కాదు. అందరిదీ వినండి. లేకపోతే ఎవరిదీ రాయకండి.

ఎలా సరిచూసుకోవాలి అంటారా? పైకి చదవండి. గదిలో తలుపేసుకుని మీ కథ మీరే గొంతెత్తి చదవండి. ఎక్కడ నాలుక తడబడితే అక్కడ గీత పెట్టండి. ఎక్కడ మీకే సిగ్గనిపిస్తే అక్కడ రెండు గీతలు పెట్టండి. ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

ఎత్తుగడ. కథ ఎక్కడ మొదలుపెట్టాలి? సూర్యుడు పడమటి కొండల్లోకి జారుకుంటున్నాడు అని మొదలయ్యే కథలు ఇప్పటికీ వస్తున్నాయి. అలారం మోగడంతో మొదలయ్యేవి, బస్సు కిటికీ పక్కన కూర్చుని గతం తలుచుకోవడంతో మొదలయ్యేవి. 1910లో గురజాడ దిద్దుబాటు ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. ఎలా మొదలవుతుంది? "తలుపు! తలుపు!" అంతే. అర్ధరాత్రి దాటి ఇంటికొచ్చిన మొగుడు తలుపు కొడుతున్నాడు. కథ అప్పటికే నడుస్తోంది. నూట పదేళ్లు దాటాయి, ఇప్పటికీ ఆ ఎత్తుగడ కొత్తగా ఉంది. మీ కథ చిత్తు ప్రతి తీసుకోండి. మొదటి పేజీని చేత్తో మూసేసి రెండో పేజీ నుంచి చదవండి. చాలాసార్లు అసలు కథ అక్కడ మొదలవుతుంది. మొదటి పేజీ మీరు చేతులు వేడెక్కించుకోవడానికి రాసుకున్నది. దాన్ని తీసెయ్యడానికి మనసొప్పదు, నాకు తెలుసు. తీసి పక్కన దాచుకోండి.

ముగింపు గురించి రెండు మాటలు. కొసమెరుపు మీద మోజు తగ్గించుకోండి. చివరి వాక్యంలో ఆశ్చర్యపరచాలని ముందంతా దాచిపెడితే, చదివేవాడు మోసపోయినట్టు బాధపడతాడు. ఇంకొకటి, చివరి పేరాలో నీతి. కథంతా చక్కగా నడిపి, చివర్లో "అప్పుడు అతనికి అర్థమైంది, డబ్బు కంటే బంధాలే ముఖ్యమని" అని రాస్తారు. అతనికి అర్థమైందో లేదో నాకెందుకు, నాకు ముందే అర్థమైంది కదా! చాసో గారి వాయులీనం చదవండి. ఇల్లాలికి జబ్బు చేసింది. వైద్యానికి డబ్బు లేదు. మొగుడు ఆమె వాయులీనం, అంటే వయొలిన్, అమ్మేశాడు. కథ ఎంతుంటుంది? కొద్ది పేజీలు. సంగీతం గొప్పదనం మీద గానీ పేదరికం ఘోరం మీద గానీ చాసో వ్యాఖ్యానం చెయ్యరు. ఆ వాద్యం ఇంట్లో లేదు. అది మనకు తెలుస్తుంది. ఆయన ఎక్కడ కలం ఆపారో వెళ్లి చూడండి. నేను చెప్పను, మీరే చూడండి.

పత్రికలకు పంపడం, ఎదురుచూడటం

ఇక మీకు అసలు టెన్షన్ పెట్టే విషయానికి వద్దాం. కథ రాశాం, ఇప్పుడేం చెయ్యాలి?

వెంటనే పంపకండి. కొన్నాళ్లు పక్కన పెట్టండి. మళ్లీ చదివితే మీకే కొన్ని కనిపిస్తాయి. అచ్చుతప్పులు దిద్దండి. యూనికోడ్‌లో టైపు చెయ్యండి, చాలా పత్రికలు ఇప్పుడు అదే అడుగుతున్నాయి. ఎన్ని పదాలు అని వాళ్లు చెప్పి ఉంటే అన్నే ఉండాలి. హామీపత్రం మర్చిపోవద్దు. కథ సొంతమని, అనువాదం కాదని, ఇంకెక్కడా పరిశీలనలో లేదని సంతకం పెడుతున్నారంటే అది మీ మాట. ఒకే కథను ఇద్దరికి పంపకండి. అది సంపాదకులతో మీకున్న మర్యాదను పాడుచేస్తుంది.

తర్వాత? చాలాసార్లు జవాబే రాదు. తిరస్కరించారనీ చెప్పరు, తీసుకున్నారనీ చెప్పరు. ఇది చాలా బాధగా ఉంటుంది, దాన్ని నేను తేలిక చెయ్యను. ఒక మనిషి నెలల తరబడి కష్టపడి రాసినదానికి ఒక్క ముక్క జవాబు రాయకపోవడం మంచి పద్ధతి కాదు. కానీ పత్రికల పరిస్థితి కూడా తెలుసుకోండి. కొన్ని చోట్ల ఒకే మనిషి కథలు, కవితలు, సినిమా పేజీ అన్నీ చూస్తుంటారు. కరోనా తర్వాత ఆగిపోయిన పత్రికలున్నాయి. అంతకుముందు వారపత్రికల్లో వారానికి రెండు మూడు కథలు వచ్చే చోట ఇప్పుడు ఆదివారం అనుబంధంలో ఒక్క కథ. మీ కథ రాలేదంటే బాగాలేదని మాత్రమే అర్థం కాదు. చెప్పిన గడువు దాటాక ఒక్క ఉత్తరం మర్యాదగా రాయండి. జవాబు లేకపోతే ఇంకొకరికి పంపండి. పోటీలో బహుమతి రాకపోయినా సాధారణ ప్రచురణకు తీసుకున్నారంటే సంతోషించండి. అంతమందిలోంచి ఒకరు మీ కథను చేతిలోకి తీసుకుని ఇది మా పాఠకులు చదవాలి అనుకున్నారు. చిన్న విషయమా అది?

అంతర్జాల పత్రికలున్నాయి. ఈమాట 1998 నుంచి వస్తోంది. అక్కడ కథను జాగ్రత్తగా చదివి, మార్పులు సూచించి, మళ్లీ రాయమని అడుగుతారు. అలా అడిగినప్పుడు చిన్నబుచ్చుకోకండి. మీ కథ మీద ఇంకొకరు గంట సమయం పెట్టారంటే అదొక బహుమానం.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. కథల మీద ఇల్లు గడవదు. పారితోషికం వస్తే చాలా కొద్దిగా వస్తుంది, కొన్ని చోట్ల అదీ రాదు. కాబట్టి ఉద్యోగం మానేసి రాద్దామని ఎవరైనా అనుకుంటుంటే వద్దు. డబ్బు కడితే మీ పుస్తకం వేస్తాం, ప్రచారం చేస్తాం, అవార్డు ఇప్పిస్తాం అనేవాళ్లు ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ పెట్టెయ్యండి. ముందు పదీ పన్నెండు కథలు పత్రికల్లో రానివ్వండి, పాఠకులు ఏమంటారో వినండి, తర్వాత పుస్తకం గురించి ఆలోచించవచ్చు. తొందరలేదు.

ఉద్యోగం చేస్తూ ఎలా రాస్తామండీ, టైమేది అంటారు. ఇందాక చెప్పిన పేర్లు మళ్లీ గుర్తుచేసుకోండి. రావిశాస్త్రి గారు కోర్టుకు వెళ్లి రాశారు. కారా మాస్టారు పిల్లలకు పాఠాలు చెప్పి రాశారు. మధురాంతకం రాజారాం గారూ ఉపాధ్యాయుడే. పాలగుమ్మి పద్మరాజు గారు కాలేజీలో సైన్సు చెప్పేవారు, ఆయన గాలివాన కథకు 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఉద్యోగం వీళ్ల రాతకు అడ్డం అయిందా? సమయం తినేసింది, నిజమే. కానీ మనుషుల్నీ తెచ్చి ఇచ్చింది. ఎక్కువ రాయనివాళ్లూ ఉన్నారు. కారా మాస్టారు మధ్యలో కొన్నేళ్లు రాయడమే ఆపేశారు, రాసినవి తనకే నచ్చక. మళ్లీ మొదలుపెట్టాక యజ్ఞం వచ్చింది. కాబట్టి రోజూ ఇన్ని పేజీలు రాయాలని ఎవరో చెప్పింది విని, రాయలేకపోయిన రోజు కుంగిపోకండి. వారంలో ఒక్క ఆదివారం ఉదయం దొరికినా చాలు. అది మాత్రం ఎవరికీ ఇవ్వకండి. పెళ్లయిన ఆడపిల్లలకు ఆ ఒక్క ఉదయం కూడా ఎంత కష్టమో నాకు తెలుసు. ఇంట్లోవాళ్లతో గట్టిగా మాట్లాడి తీసుకోండి. అడిగి తీసుకోవాల్సిందే, వాళ్లంతట వాళ్లు ఇవ్వరు. ఇక్కడ కూర్చున్న మగపిల్లలూ వినండి, మీ ఇంట్లో రాయాలనుకునే అమ్మ గానీ చెల్లెలు గానీ భార్య గానీ ఉంటే ఆ ఆదివారం వంట మీరు చెయ్యండి.

చదవడం గురించి చెప్పకుండా వెళ్లలేను. కథలు చదవకుండా కథలు రాద్దామనుకునేవాళ్లు ఎక్కువైపోయారు, ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. పుస్తకాలు దొరకవు అంటారు. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కారా మాస్టారు తనకొచ్చిన అవార్డుల డబ్బు పెట్టి 1997లో తెలుగు కథల కోసమే కట్టించిన గ్రంథాలయం అది. లోకంలో ఒక రచయిత తన డబ్బుతో ఇతరుల కథలకు ఇల్లు కట్టించడం, ఎంత పెద్ద మనసు ఉండాలి! వాళ్ల వెబ్‌సైటులో పాత పత్రికల నుంచి స్కాన్ చేసిన వేల కథలున్నాయి. ఉచితం. మీ చేతిలో ఫోన్ ఉంది. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ గార్ల సంపాదకత్వంలో 1990 నుంచి ఏటా వచ్చిన కథ సంకలనాలు ఉన్నాయి. మీ ఊరి గ్రంథాలయంలో అడగండి, లేకపోతే తెప్పించమని అడగండి. ఒక కథ నచ్చితే ఒకసారి చదివి వదిలెయ్యకండి. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదవండి. ఈ మనిషి ఏం పని చేస్తున్నాడు, ఆ సంగతి రచయిత నాకు ఎన్నో పేరాలో చెప్పాడు, నేరుగా చెప్పాడా, చేతల్లో చూపించాడా, గుర్తులు పెట్టుకోండి.

ఇక నా మాటలు చాలు. పదిహేను నిమిషాలు టీ. తర్వాత మీరు తెచ్చుకున్న పేజీలు చదువుకుందాం. ఎక్కువమంది ఉన్నారు కాబట్టి ఒక్కొక్కరు ఒక్క పేజీయే, అదీ పైకి చదవాలి. చదవడానికి ముందు మీ కథలో మనిషి ఏం పని చేస్తాడో ఒక్క వాక్యంలో చెప్పండి. కండక్టరుగారి అబ్బాయి ఏమీ తెచ్చుకోలేదట. పర్లేదు, కాగితం తీసుకుని ఈ పదిహేను నిమిషాల్లో మీ నాన్న గొంతు పోయిన ఆ రాత్రి గురించి పది వాక్యాలు రాసుకురా. టీ నేను నీ దగ్గరికే పంపిస్తాను. ముందు చదవాలనుకునేవాళ్లు పేర్లు ఇక్కడ టేబుల్ మీదున్న కాగితంలో రాయండి.